నిద్రలోనే పోయిన బిడ్డ – మేము అడగని ప్రశ్నలు

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాదీ ఈ సభలో మేము పొదుపు ఎంతయ్యింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, స్త్రీనిధి బకాయి ఎంత ఉంది అని చదివి కూర్చునేవాళ్ళం. ఆ లెక్కలు ఈసారి కూడా రాసి ఇచ్చాం, పుస్తకంలో వేరే పేజీలో ఉంటాయి. మాకిచ్చిన ఈ కాస్త సమయంలో ఇంకో విషయం చెప్పాలని మా సభ్యులంతా అనుకున్నాం.

మాలో ఒక గ్రూపు తీర్మానాల పుస్తకంలో, పోయిన సంక్రాంతి తర్వాత వరుసగా నాలుగు సమావేశాల్లో ఒకే పేరు ఎదురుగా "గైర్హాజరు, జరిమానా 10 రూపాయలు" అని ఉంది. రాసింది మేమే. నియమం నియమమే అనుకున్నాం. ఆ చెల్లి ఎందుకు రావడం లేదో మాకందరికీ తెలుసు. తొలిచూలు మగబిడ్డ, రెండున్నర నెలలవాడు, నిద్రలోనే పోయాడు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి తను ఒప్పుకుంది. పేరు మాత్రం వద్దంది.

పుట్టింట్లో ఉండగా నెలలు నిండకుండానే నొప్పులొచ్చి ప్రభుత్వాసుపత్రిలో కాన్పయ్యింది. బిడ్డ 2 కిలోల 100 గ్రాములు. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, బాగున్నాడని పంపారు. బాగానే పాలు తాగాడు, ఒళ్ళు చేశాడు. మూడో నెల రాగానే మంచిరోజు చూసి, సారె పెట్టి అత్తారింటికి పంపారు. వచ్చిన వారంలోపే ఇది జరిగింది. రాత్రి పదింటికి పాలు తాగి పడుకున్నవాడు తెల్లవారుజామున చూస్తే కదల్లేదు. ఆటోలో పరుగెత్తారు. ప్రాణం పోయి చాలాసేపయ్యిందన్నారు. పొద్దున పది గంటలకల్లా కాలువ గట్టు అవతల పూడ్చేసి వచ్చారు. పోస్టుమార్టం మాట ఎవరూ ఎత్తలేదు. పసిగుడ్డును కోయించడానికి మన ఇళ్ళల్లో ఎవరికి మనసొస్తుంది?

ఇక ఊళ్ళో తలా ఒక మాట. పాలిస్తూ కునుకు తీసి ఉంటుంది, బిడ్డకు పొలమారింది అన్నారు. నిద్రలో మీద పడి ఉంటుంది అన్నారు. మూడు రోజుల కిందటే సూది వేయించారు, దానివల్లే అన్నారు. పొలిమేర దాటించేటప్పుడు దిష్టి తీయలేదు, గాలి సోకిందని ఒక పెద్దావిడ. మేమేమీ తక్కువ తినలేదు. "మొద్దునిద్ర పిల్ల" అన్న మాట మా సమావేశంలోనే వచ్చింది. అన్నది ఎవరో ఇక్కడ చెప్పం గానీ, ఆ మాట వద్దని ఆపినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు.

కొన్నాళ్ళకు ఏఎన్‌ఎం గారు ఒక ఫారం పట్టుకుని ఆ ఇంటికి వచ్చారు. 2014లో వచ్చిన కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం 5 ఏళ్ళలోపు బిడ్డ చనిపోతే ఆశా వెంటనే తెలియజేయాలి, తర్వాత ఇంటికి వచ్చి వివరం రాసుకోవాలి. దాన్ని శిశుమరణ సమీక్ష అంటారట. మాలో ఇద్దరం తోడుగా కూర్చున్నాం. మామూలు ప్రశ్నలు అయ్యాక ఆవిడ పెన్ను పక్కన పెట్టి, "బిడ్డను ఎలా పడుకోబెట్టారమ్మా?" అని అడిగారు. ఇన్నాళ్ళలో ఊళ్ళో ఒక్కరూ అడగని ప్రశ్న అది. అత్తగారు చెప్పింది: గ్యాసు పట్టి ఏడుస్తున్నాడని బోర్లా పడుకోబెట్టాం, మంచు ఎక్కువగా ఉందని తలకు టోపీ పెట్టి రెండు దుప్పట్లు కప్పాం, కొత్త పరుపు, మెత్తగా ఉంటుందని దాని మీదే వేశాం. ఆవిడ ప్రేమతో చేసింది ప్రతిదీ. మాలో ఎవరి ఇంట్లో అయినా అదే చేసేవాళ్ళం.

ఏఎన్‌ఎం గారినే బతిమాలితే పీహెచ్‌సీ డాక్టరమ్మ గారిని మా గ్రామ సంఘం సమావేశానికి తీసుకొచ్చారు. రెండు గంటలు కూర్చున్నారు. ఆవిడ చెప్పింది మాకు అర్థమైనంత వరకు చెబుతాం.

ఏడాదిలోపు బిడ్డ, బాగున్నట్టే ఉండి, నిద్రలో చనిపోతే, పోస్టుమార్టం చేసి, పడుకున్న చోటు పరీక్షించి, అంతకుముందు సంగతులన్నీ అడిగి చూసినా కారణం దొరకకపోతే, దానికి సడన్ ఇన్‌ఫాంట్ డెత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. పొట్టిగా సిడ్స్ అంటారు. మన దగ్గర పోస్టుమార్టం ఉండదు కాబట్టి ఆ చెల్లి బిడ్డకు ఇదే అయ్యిందని తాను చెప్పలేనన్నారు. నెమ్ము కావచ్చు, పుట్టుకతో గుండెలో లోపం కావచ్చు, ఊపిరాడకపోవడం కావచ్చు. అయితే ఒక మాట గట్టిగా అన్నారు. కారణం తెలియని చావుకు తల్లిని కారణం చేయడం సుళువు, అందుకే అందరూ ఆ పనే చేస్తారు అని. మేము తలలు దించుకున్నాం.

ఈ చావులు ఎక్కువగా రెండో నెల నుంచి నాలుగో నెల మధ్య జరుగుతాయి. పదింట తొమ్మిది ఆరు నెలల లోపే. కారణం ఒక్కటి కాదు, మూడు సంగతులు ఒకేసారి కలవాలని 1994లో అమెరికా పరిశోధకులు చెప్పారట. మేము దాన్ని మూడు రాళ్ళ పొయ్యి అని గుర్తుపెట్టుకున్నాం. మొదటి రాయి, బిడ్డలోనే పైకి కనపడని బలహీనత. నిద్రలో ఊపిరి తగ్గితే మనల్ని లేపేది మెదడు కింది భాగం. ముక్కుకు గుడ్డ అడ్డం పడి వదిలిన గాలే మళ్ళీ పీలుస్తుంటే మామూలు బిడ్డ తల తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. కొందరు బిడ్డల్లో ఆ లేపే పని సరిగా జరగదు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళలో, బరువు తక్కువ వాళ్ళలో, కడుపులో ఉండగా పొగాకు పొగ తగిలినవాళ్ళలో ఈ ప్రమాదం ఎక్కువ. రెండో రాయి, వయసు. ఆ రెండు మూడు నెలలప్పుడు ఊపిరి, గుండె, నిద్ర అన్నీ లోపల మార్పు చెందుతుంటాయి. మూడో రాయి బయటిది. బోర్లా పడక, మెత్తటి పరుపు, ముఖం మీదికి వచ్చే దుప్పటి, ఒళ్ళు వేడెక్కడం, పొగ. మొదటి రెండు రాళ్ళూ మన చేతుల్లో లేవు. మూడో రాయి తీసేస్తే పొయ్యి నిలవదు.

బోర్లా పడుకోబెట్టడం గురించి ఆవిడ చెప్పింది విని మేము ఆశ్చర్యపోయాం. కొన్ని దేశాల్లో ఒకప్పుడు డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమని చెప్పేవాళ్ళట, పుస్తకాల్లో కూడా రాశారట. న్యూజిలాండులో 1987 నుంచి 1990 వరకు చనిపోయిన బిడ్డల ఇళ్ళకూ, బతికున్న బిడ్డల ఇళ్ళకూ వెళ్ళి ఎలా పడుకోబెట్టారు, ఇంట్లో ఎవరు పొగ తాగుతారు, తల్లిపాలు ఇచ్చారా అని అడిగి లెక్క కట్టారు. బోర్లా పడక, తల్లి పొగతాగడం, తల్లిపాలు లేకపోవడం, ఈ మూడూ పైకి తేలాయి. 1991లో అక్కడ, ఇంగ్లండులో, 1994లో అమెరికాలో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి అని ఊరూరా ప్రచారం చేశారు. అమెరికాలో 1990లో లక్ష మంది పుట్టిన బిడ్డల్లో సుమారు 130 మంది ఇలా పోయేవాళ్ళు, 2020 నాటికి అది 38 దగ్గరకు వచ్చింది. మందు లేదు, సూది లేదు. పడక మార్చడమే అందులో పెద్ద పని. డాక్టర్లే ఏళ్ళ తరబడి తప్పు చెప్పి, తర్వాత దిద్దుకున్నారంటే మన అత్తగార్లను ఏమనాలి?

మా వాళ్ళు వెంటనే అడిగారు, వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు పొలమారవా అని. ఈ భయం మాకందరికీ ఉంది. డాక్టరమ్మ గారు బోర్డు మీద రెండు గొట్టాలు గీశారు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, పాలు వెళ్ళే గొట్టం దాని కింద ఉంటుంది. కక్కిన పాలు గాలిగొట్టంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉన్నప్పుడే గాలిగొట్టం కిందికి వస్తుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టడం కూడా మంచిది కాదు, అటునుంచి బోర్లా పడిపోవడం తేలిక. పాలిచ్చాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చాక పడుకోబెట్టమన్నారు. మెలకువగా ఉన్నప్పుడు, మనం కళ్ళెదుట ఉండి కాసేపు బోర్లా ఆడించడం మాత్రం మెడకు, భుజాలకు మంచిదే. బిడ్డ తనంతట తానే అటూ ఇటూ తిరగడం నేర్చాక రాత్రంతా కూర్చుని తిప్పాల్సిన పని లేదు. బోర్లా పడితే బొబ్బట్లు పంచుతాం కదా, ఆ బొబ్బట్ల రోజు దాకా జాగ్రత్త మనది.

సూది సంగతి కూడా తేల్చుకున్నాం, ఎందుకంటే ఆ చావు తర్వాత మా ఊళ్ళో ఇద్దరు తల్లులు తర్వాతి టీకాకు బిడ్డల్ని తీసుకెళ్ళలేదు. పెంటావాలెంట్ టీకా 6, 10, 14 వారాలకు వేస్తారు. నిద్రలో చావులు ఎక్కువగా జరిగే వయసూ అదే. రెండూ ఒకే నెలల్లో పడతాయి కాబట్టి ఒకదాని వెనక ఒకటి వచ్చినట్టు కనిపిస్తుంది. చాలా దేశాల్లో లెక్క కట్టి చూస్తే టీకాలు వేయించిన బిడ్డల్లో ఈ చావులు ఎక్కువగా లేవు, ఇంకా తక్కువే ఉన్నాయి. పైగా కోరింత దగ్గు, కంఠసర్పి లాంటివి టీకా లేకపోతేనే బిడ్డను తీసుకుపోతాయి. ఆ ఇద్దరు తల్లుల దగ్గరకూ మూడుసార్లు తిరిగాం. ఆలస్యంగానైనా వేయించారు.

ఇక్కడే మాకు ఒక విషయం తట్టింది. 2020 లెక్క ప్రకారం మన రాష్ట్రంలో పుట్టిన 1000 మందిలో 24 మంది ఏడాది నిండకుండా పోయారు. దేశం మొత్తం మీద 28, అందులో 20 మంది మొదటి 28 రోజుల్లోనే. అందుకే అందరి చూపూ మొదటి నెల మీదే, అది సబబే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా అక్క 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. ఆ తర్వాత ఇంటికి రావాల్సింది మూడో నెల నిండాక. అంటే 42వ రోజు నుంచి మూడు నెలల దాకా ఇంటి గడప తొక్కి, పడక ఎలా ఉందో చూసేవాళ్ళు లేరు. టీకాకు మనమే వెళతాం, అక్కడ మంచం కనపడదు కదా. మన అలవాటు ప్రకారం తల్లీబిడ్డా పుట్టింటి నుంచి అత్తారింటికి మారేది కూడా మూడో నెలలోనో ఐదో నెలలోనో. ఆ ఊరి ఆశా పంపించేసింది అనుకుంటుంది, ఈ ఊరి ఆశాకు ఇంకా తెలియదు. మా చెల్లి బిడ్డ పోయింది సరిగ్గా ఆ సందులోనే.

ఆ సందులో మేము వెళ్దామని తీర్మానం రాసుకున్నాం. ఇద్దరేసి చొప్పున, 7వ వారం నుంచి 12వ వారం దాకా వారానికి ఒకసారి. ఇప్పటికి 11 మంది బాలింతల ఇళ్ళకు తిరిగాం. మొదట్లో "పొదుపు డబ్బులకు వచ్చారా" అని అడిగేవాళ్ళు.

వెళ్ళాక చూసింది చెబుతాం. సగం ఇళ్ళల్లో ఆవాల దిండు ఉంది, తల గుండ్రంగా రావాలని. ఏ దిండూ వద్దని చెప్పాం. దాదాపు అన్ని ఇళ్ళల్లో చీర ఉయ్యాల ఉంది. అందులో బిడ్డ ముడుచుకుని గడ్డం గుండెకు ఆనుతుంది, గాలిగొట్టం నొక్కుకుంటుంది, చీర అంచు ముక్కు మీదికి వస్తుంది. జోల పాడి ఊపవద్దని ఎవరం అనలేదు. ఎదురుగా కూర్చుని ఊపండి, నిద్రపట్టాక తీసి చదునుగా గట్టిగా ఉన్న పడక మీద వెల్లకిలా వేయండి అన్నాం. చాప మీద మడత పెట్టిన బొంత చాలు. కొత్త స్పాంజి పరుపు కంటే అదే మేలని తెలిసి పేద ఇళ్ళ వాళ్ళు కాస్త సంతోషించారు.

పొగ దగ్గర మాకు ఎక్కువ మాటలు పడ్డాయి. స్నానం చేయించి సాంబ్రాణి పట్టకపోతే జలుబు చేస్తుందని పెద్దవాళ్ళ నమ్మకం. తల్లి జుట్టుకు బయట పట్టుకోండి, బిడ్డను ఆ పొగలో పెట్టకండి అని మధ్యేమార్గం చెప్పాం. దోమల చక్రం బదులు దోమతెర. తాతగారి చుట్ట మాత్రం పెద్ద సమస్య. వరండాలో కాల్చినా పొగ చొక్కాకు అంటుకుని లోపలికి వస్తుంది. ఒక ఇంట్లో తాతగారు మా మీద కేకలేశారు. మర్నాడు చుట్ట కాలువ గట్టున కాల్చుకుని, చొక్కా మార్చుకుని వచ్చి మనవణ్ణి ఎత్తుకున్నాడని కోడలు ఫోను చేసి చెప్పింది.

పక్కలో పడుకోబెట్టుకోవడం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అమెరికా డాక్టర్లు బిడ్డ తల్లి గదిలోనే ఉండాలి, పడక మాత్రం వేరుగా ఉండాలి అంటారు. మన ఇళ్ళల్లో ఒకే గది, ఒకే మంచం. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్ళో పాకిస్తాన్ నుంచి వెళ్ళిన కుటుంబాల్లో తల్లి పక్కనే బిడ్డను పడుకోబెట్టుకుంటారు, అయినా అక్కడి తెల్లవాళ్ళ బిడ్డల కంటే వాళ్ళల్లో ఈ చావులు తక్కువ. ఆ తల్లులు పొగ తాగరు, తాగుడు లేదు, చంటిబిడ్డను వేరే గదిలో వదలరు. అందుకని మేము ఎవరినీ భయపెట్టలేదు. చెయ్యి చాపితే అందేంత దూరంలో బిడ్డకు వేరే పక్క వేస్తే అన్నిటికంటే మంచిది. తాగి వచ్చిన మనిషి పడుకునే మంచం మీద మాత్రం బిడ్డ ఉండకూడదు. పొగ తాగే మనిషి పక్కన, బరువు తక్కువ బిడ్డ అయితే ఎవరి పక్కనా వద్దు. సోఫాలో బిడ్డను గుండెల మీద వేసుకుని నిద్రపోవడం మరీ ప్రమాదం. తాగుడు మాట కోడలితో అంటే ఏం లాభం? మేము అత్తగారితోనే అన్నాం.

ఇక వేడి. ధనుర్మాసం మంచుకు ఒకటికి రెండు కప్పుతాం సరే, విజయవాడ ఎండలకు మే నెలలో కూడా టోపీ, సాక్సు, గుడ్డల చుట్టు! బిడ్డ ఒంటి వేడి ఎక్కువగా తల నుంచే బయటకు పోతుంది. మెడ వెనక చెయ్యి పెట్టి చూడమన్నారు. చెమటగా ఉంటే ఒక గుడ్డ తీసేయాలి. చేతులు, కాళ్ళు చల్లగా ఉన్నాయని చూసి కప్పకూడదు, అవి ఎప్పుడూ కాస్త చల్లగానే ఉంటాయి. నెల తక్కువ బిడ్డలకు మొదటి రోజుల్లో ఆసుపత్రిలో టోపీ పెట్టడం, తల్లి గుండెకు ఆనించి కట్టడం వేరు, అది అవసరం. ఇంటికి వచ్చాక రాత్రి నిద్రలో టోపీ వేరు.

మా ఊళ్ళో అమెరికా వెళ్ళి కోడలికి పురుడు పోసి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ ఉంది. ఆవాల దిండు, వసకొమ్ము, ఆముదం సీసా పెట్టెలో పెట్టుకుని వెళ్ళింది. అక్కడ నర్సు బిడ్డ పక్కలో దిండు, దుప్పటి, బొమ్మ ఏదీ ఉండకూడదని చెబితే "వీళ్ళకు పిల్లల్ని పెంచడం రాదు" అని నెలరోజులు అలిగిందట. ఇప్పుడు ఆవిడే మా జట్టులో ఉంది. మా మాట వినని అత్తగార్లు ఆవిడ మాట వింటున్నారు. ముక్కులో నూనె చుక్కలు, గొంతులో ఆముదం పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది అని ఆవిడ చెప్పినంత గట్టిగా మేము చెప్పలేం.

బిడ్డ కదలకుండా కనిపిస్తే ఏం చేయాలో కూడా నేర్చుకున్నాం. ఊపకూడదు, తలకిందులుగా పట్టకూడదు. అరికాలు తట్టి చూడాలి, ఒకరు 108కి ఫోను చేయాలి. ఊపిరి లేకపోతే గట్టి చోట పడుకోబెట్టి, ఎదురురొమ్ము మధ్యలో రెండు బొటనవేళ్ళతో 30 సార్లు వేగంగా నొక్కి, బిడ్డ ముక్కూ నోరూ కలిపి మన నోటితో మూసి మెల్లగా రెండుసార్లు ఊదాలి, మళ్ళీ నొక్కాలి, బండి వచ్చేదాకా. ఏఎన్‌ఎం గారు బొమ్మ మీద చేయించారు. మిగతా సంఘాలు కూడా పిలిచి నేర్చుకోండి.

ఆ నాలుగు జరిమానాలూ తీర్మానం రాసి కొట్టేశాం. 40 రూపాయలు. బిడ్డ పోయిన ఇంటి సభ్యురాలికి ఆరు నెలలు హాజరు అడగకూడదని, వాయిదా గ్రూపు మొత్తం సర్దాలని నియమం మార్చుకున్నాం. సమాఖ్య కూడా ఇది అన్ని సంఘాలకు పెట్టాలని కోరుతున్నాం. ఇంకొకటి, బాలింత ఊరు మారేటప్పుడు ఆ ఊరి గ్రామ సంఘం నుంచి ఈ ఊరి సంఘానికి ఒక్క ఫోను రావాలి. దానికి సమాఖ్య ఆఫీసులో ఒక రిజిస్టరు పెట్టండి, రాసే పని మేము చేస్తాం.

ఆ చెల్లి ఉగాది తర్వాత సమావేశానికి వచ్చింది. పొదుపు కట్టి సంతకం పెట్టింది. డాక్టరమ్మ గారు చెప్పిందంతా అప్పటికే ఇంటికి వెళ్ళి చెప్పి ఉన్నాం, అన్న మాటలకు క్షమించమని కూడా అడిగాం. ఇళ్ళకు తిరిగే జట్టులో ఉంటావా అని అడిగితే ఇప్పుడు కాదంది. సరేనన్నాం.